అమరవీరుడు మహావీర్ సింగ్

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు ఎదుట పార్కులో అమరవీరుల విగ్రహాలున్నాయి. వాటిలో ఒకటి మహావీర్ సింగ్‌ది. నేను అక్కడ డ్యూటీ చేసిన రోజుల్లో మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళను తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. సావర్కర్ పేరు అందరూ చెప్పేవారు, ఈయన గురించి మాత్రం అడిగేవారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మహావీర్ సింగ్ 1904లో ఉత్తరప్రదేశ్ ఎటా జిల్లాలో పుట్టారు. కాన్పూరులో చదువుతూ భగత్ సింగ్ దళంలో చేరారు. లాహోరు జైల్లో రాజకీయ ఖైదీలను మనుషులుగా చూడాలని 1929లో అందరితో కలిసి నిరాహార దీక్ష చేశారు. ఆ దీక్షలో 63 రోజులకు జతిన్ దాస్ చనిపోయారు. దేశమంతా అట్టుడికింది. 1930లో ప్రభుత్వం ఖైదీలకు ఏ, బి, సి తరగతులు పెట్టక తప్పలేదు. అదే ఏడు మహావీర్ సింగ్‌కు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. బళ్ళారి జైల్లో కొంతకాలం ఉంచి అండమాన్ పంపారు.

ఇక్కడ అడిగినవి పెద్ద కోరికలేం కావు. తినదగ్గ తిండి, రాత్రి గదిలో దీపం, చదవడానికి పుస్తకాలు, పత్రికలు. వినేవాడు లేక 1933 మే 12న దీక్ష మొదలుపెట్టారు. మే 17న సిబ్బంది ఆయన్ను పట్టుకుని ముక్కులో గొట్టం పెట్టి పాలు పోశారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోయింది. శవాన్ని సముద్రంలో పడేశారు. అదే నెలలో మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా కూడా పోయారు. అయినా మిగిలినవాళ్ళు దీక్ష విడవలేదు. 46వ రోజున ప్రభుత్వం దిగొచ్చింది. దీపాలు, పుస్తకాలు వచ్చాయి.

1937 జూలైలో ఖైదీలు మళ్ళీ దీక్షకు కూర్చున్నారు. ఈసారి తమను స్వదేశం పంపమన్నారు. బయట గాంధీ, ఠాగూర్ వంటివారు వారి పక్షాన నిలిచారు. 1938 జనవరికల్లా రాజకీయ ఖైదీలందరూ ఒడ్డు చేరారు. స్వాతంత్ర్యం వచ్చాక జైలును కూలుస్తుంటే బతికున్న ఆ సహచరులే వద్దని ప్రభుత్వం వెంటపడ్డారు. ఏడు విభాగాల్లో మూడు మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న అది జాతీయ స్మారకమైంది.

మన దర్బార్‌లో ఒక పాయింటు లేపితే అది ఒక్కడిదైతే పక్కకు పోతుంది, పదిమందీ నిలబడితే సాహెబ్ రాసుకుంటారు. ఈ దీవుల్లో జరిగిందీ అదే. లోపలివాళ్ళు ప్రాణం పెట్టారు, బయటివాళ్ళు గొంతు కలిపారు. సర్కారు మారింది. అండమాన్ పోస్టింగు వచ్చిన తమ్ముళ్ళు పిల్లలతో వెళ్ళి ఆ విగ్రహానికి ఒక సెల్యూట్ చేసి రండి.