పియానో వాయించి దేశాన్ని అడిగిన మనిషి: పాదరెవ్‌స్కీ

1795 నుంచి 1918 దాకా ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశం లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచుకున్నాయి. పోలిష్ మాట్లాడే జనం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు, వాళ్ల చుట్టూ సర్కారు మారింది, ఆఫీసు భాష మారింది, బడి భాష మారింది. రాష్ట్రాల గీతలు గీసినప్పుడు ఇవతల ఉండిపోయిన మనబోటి కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అలాంటి జనంలో పుట్టి, పియానోతో లోకమంతా పేరు తెచ్చుకుని, తిరిగి లేచిన ఆ దేశానికి ప్రధానమంత్రి అయిన ఇగ్నాసీ యాన్ పాదరెవ్‌స్కీ గురించి ఈసారి రాస్తున్నాను.

ఆయన 1860 నవంబరులో కురిలోవ్కా అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది, అప్పుడు రష్యా ఏలుబడి. తల్లి కొద్ది కాలానికే పోయింది. తండ్రి ఎస్టేట్ల వ్యవహారాలు చూసే ఉద్యోగి. 1863లో పోలిష్ వాళ్లు రష్యా మీద తిరగబడినప్పుడు ఆయన్ని పట్టుకెళ్లి జైల్లో పెట్టారు. పిల్లవాడు పన్నెండో ఏట వార్సా సంగీత కళాశాలలో చేరి, చదువయ్యాక 1878లో అక్కడే పాఠాలు చెప్పారు. 1880లో పెళ్లయింది. అదే ఏడు కొడుకు పుట్టాడు, భార్య పోయింది. కొడుకు వికలాంగుడు, 1901లో అతనూ కన్నుమూశాడు.

1884లో, అంటే ఇరవై నాలుగేళ్ల వయసులో, ఆయన వియన్నాలో లెషెటిజ్కీ అనే గురువు దగ్గరకు వెళ్లారు. ఈ గురువు చెర్నీ శిష్యుడు, చెర్నీ బీథోవెన్ శిష్యుడు. అంత పెద్ద పరంపర. పెద్ద కచేరీలు చేసే వాద్యకారుడు కావడానికి అప్పటికే ఆలస్యమైందని గురువుగారి అభిప్రాయం. వేళ్ల సాధన మొదటి నుంచీ మొదలుపెట్టించారు. సంగీతం పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని మళ్లీ సరళీ వరుసలకు కూర్చోబెట్టినట్టన్న మాట. ఆయన నామోషీ అనుకోలేదు, రోజుకు గంటల తరబడి సాధన చేశారు.

ఫలితం 1888లో పారిస్‌లో కనిపించింది. 1890లో లండన్, 1891లో న్యూయార్క్. ఆ ఏడే తెరిచిన కార్నెగీ హాల్లో వాయించారు. మొదటి అమెరికా పర్యటనలోనే వందకు పైగా కచేరీలు. ఆ ఒత్తిడికి కుడిచేతి వేలు ఒకటి దెబ్బతింటే మిగిలిన నాలుగు వేళ్లతో నెట్టుకొచ్చారు. తరువాతి పర్యటనల్లో ఆయన సొంత రైలు పెట్టెలోనే తిరిగేవారు. ఎగిరే ఎర్రజుట్టు, చోపిన్ సంగీతం, తాను రాసిన చిన్న మిన్యుయెట్, వీటి కోసం జనం విరగబడేవారు. తప్పుడు స్వరాలు పడతాయని విమర్శకులు అన్నా హాళ్లు నిండుతూనే ఉన్నాయి.

డబ్బు బాగా వచ్చింది. దానితో ఏం చేశారన్నది నాకు ఎక్కువ ముఖ్యం. 1410లో గ్రున్‌వాల్డ్ దగ్గర పోలిష్, లిథువేనియా సేనలు జర్మన్ వీరయోధులను ఓడించాయి. దానికి 500 ఏళ్లు నిండిన సందర్భంగా 1910లో క్రాకౌలో పెద్ద స్మారకం కట్టించి ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వెళ్లి, ఊరూరా ముందు పోలండ్ గురించి మాట్లాడి, ఆ తరువాత పియానో ముందు కూర్చునేవారు. అలా 300కు పైగా సభలు. అధ్యక్షుడు విల్సన్ సలహాదారు హౌస్‌తో పరిచయం కుదిరింది. 1918 జనవరిలో విల్సన్ ప్రకటించిన 14 అంశాల్లో పదమూడోది స్వతంత్ర పోలండ్.

1918 డిసెంబరులో ఆయన పోజ్నాన్ చేరిన మర్నాడే అక్కడ జర్మన్ పాలన మీద తిరుగుబాటు లేచింది. 1919 జనవరిలో ప్రధాని, విదేశాంగ మంత్రి కూడా ఆయనే. జూన్ 28న వెర్సాయ్ ఒప్పందంపై సంతకం పెట్టారు. ఆ రోజే ఇంకో కాగితం మీద కూడా పెట్టారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండో కాగితం.

అది పోలండ్‌లోని అల్పసంఖ్యాకుల రక్షణ ఒప్పందం. పోలిష్ కాని భాష మాట్లాడేవారు గణనీయంగా ఉన్న చోట వాళ్ల పిల్లలకు ప్రాథమిక బడిలో సొంత భాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని తొమ్మిదో అధికరణం. పాదరెవ్‌స్కీ దీన్ని వ్యతిరేకించారు. పెద్ద రాజ్యాలకు లేని షరతు కొత్త దేశానికే ఎందుకని ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ 1901లో జర్మన్ పాలనలో ఉన్న వ్జెష్న్యా ఊళ్లో, మతపాఠం జర్మన్‌లో వద్దన్న పోలిష్ పిల్లలను బడిలో కొట్టారు. ఆ గాయం తెలిసిన జాతి నాయకుడికి అవతలివాళ్ల పిల్లలు ఎందుకు కనిపించలేదో నాకు అంతుపట్టదు. ఫ్రాన్స్ ప్రధాని క్లెమాన్సో ఆయనకు సుదీర్ఘ లేఖ రాశాక, ఇష్టం లేకపోయినా సంతకం చేశారు.

మన రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెప్పేదీ దాదాపు అదే మాట. తెలుగు సెక్షన్ కోసం అర్జీలు టైపు చేసిన ప్రతిసారీ ఆ అంకె వేస్తూ వచ్చాను. కాగితం మీద హక్కు ఉండటం వేరు, టీచరు పోస్టు భర్తీ కావడం వేరు. పోలండ్‌లోనూ అంతే, 1934లో ఆ ఒప్పందం అమలుకు సహకరించబోమని అక్కడి సర్కారు ప్రకటించింది. అప్పటికి పాదరెవ్‌స్కీ అధికారంలో లేరు.

1919 డిసెంబరులోనే ఆయన పదవి వదిలేశారు. ఇంటి రాజకీయం ఆయనకు పట్టుబడలేదు. ఏళ్ల తరబడి పక్కన పెట్టిన పియానోను మళ్లీ సాధన చేసి, 1922 నవంబరులో, 62 ఏళ్ల వయసులో, కార్నెగీ హాల్లో వాయించారు. 1939 దాకా వేదిక వదల్లేదు.

అదే ఏడు పోలండ్ మళ్లీ పటంలోంచి పోయింది. ప్రవాసంలో ఏర్పడిన జాతీయ మండలికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఎనభయ్యో ఏట అమెరికా చేరి మళ్లీ సభల్లో మాట్లాడుతూ, 1941 జూన్ 29న న్యూయార్క్‌లో కన్నుమూశారు. పోలండ్ స్వేచ్ఛ పొందేదాకా అని శరీరాన్ని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంచారు. 1992లో వార్సా కెథడ్రల్‌కు తీసుకెళ్లారు. గుండె మాత్రం అమెరికాలోనే, పెన్సిల్వేనియాలోని పోలిష్ వాళ్ల గుడిలో ఉంది.