స్నేహం అడిగిన బిషప్: డోర్నకల్ అజరయ్య

పలమనేరు, మదనపల్లె వైపు దళితవాడల్లో చర్చి అంటే తాతల కాలం నాటి మాట. 1853లో మొదలైన అమెరికా రిఫార్మ్డ్ చర్చి వారి ఆర్కాటు మిషన్ మా ప్రాంతంలో బడులు పెట్టింది, వైద్యం చేసింది. ఆ మేలు మేము మరచిపోలేదు. అయితే ఆ రోజుల్లో ఏ మిషన్ కాంపౌండు చూసినా దొర బంగళాకూ ఉపదేశి ఇంటికీ మధ్య దూరం కళ్లకు కనిపించేది. ఆ దూరం గురించి దొరల ముందే మాట్లాడిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువాడు కాదు. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో నాడార్ కుటుంబంలో పుట్టారు. గుడి గడప తొక్కనివ్వని అవమానం ఆ కులానికీ తెలుసు. తండ్రి పల్లెటూరి పాస్టరు. అజరయ్య మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ 1898లో అన్బు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా పెళ్లాడారు. అన్బు అంటే తమిళంలో ప్రేమ. డోర్నకల్‌లో పల్లె ఆడవాళ్ల మధ్య ఆమె చేసిన పని గురించి చరిత్ర తక్కువే చెప్పింది.

1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, మాల మాదిగ పల్లెలు తిరగడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. ముప్పయ్యారేళ్లు నిండని అజరయ్య లేచి, మిషనరీల త్యాగాన్ని తలుచుకొని, వెంటనే అసలు సంగతికి వచ్చారు. మీరు డబ్బిచ్చారు, చదువిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, కానీ మాతో కలిసి కూర్చోరు, మాకు కావలసింది మీ స్నేహం అన్నది ఆ ప్రసంగ సారాంశం. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ప్రేమ అధ్యాయాన్నే ఆయన దొరలకు గుర్తుచేశారు. ఎంత జ్ఞానం ఉన్నా ప్రేమ లేకపోతే ఏమీ లేదని వాళ్లే మనకు నేర్పిన మాట అది! సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు.

అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుడి కింద పనిచేయాలా అని గొణిగిన మిషనరీలు ఉన్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్, అమెరికా స్నేహితుడు షెర్వుడ్ ఎడ్డీ ఆయన పక్షాన నిలబడ్డారు. ఎడిన్‌బరోలో అడిగిన స్నేహం దొరకనే లేదని అనలేం.

ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగిన ఆ బిషప్ కాలంలో డోర్నకల్ సంఘం సుమారు 56 వేల మంది నుంచి 1941 నాటికి రెండు లక్షలు దాటింది. అందులో ఎక్కువమంది మాల మాదిగలే. ఇక్కడ మాకొక పేచీ ఉంది. చచ్చిన గొడ్డు మాంసం మానండి, తాగుడు మానండి అని ఆయన గట్టిగా చెప్పేవారు. మన వాడల బతుకును కడిగి శుభ్రం చేయాల్సిన వస్తువుగా చూడడంలో కాస్త పెద్దరికం లేకపోలేదు. దొరల్లో ఆయన పట్టుకున్న జబ్బు ఆయన్నీ కొంచెం తాకిందనే మా అభిప్రాయం. అలాగని మాలలూ మాదిగలూ ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం తీసుకోవాలన్న పట్టుదలను తక్కువ చేయలేం. మా వైపు ఆదివారం ఒకే బల్ల చుట్టూ మోకరించినవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి ఇప్పటికీ ఇంటిపేరు అడుగుతారు.

ఆయనకు అన్నిటికంటే గట్టి ప్రశ్న అంబేడ్కర్ నుంచి వచ్చిందంటారు. హిందువుగా చావనని 1935లో యేవలాలో ప్రకటించాక బాబాసాహెబ్ అన్ని మతాలనూ పరిశీలిస్తున్న రోజులవి. మా జనం మీలో చేరితే ఎక్కడున్నా ఒకటిగా ఉంటారా, లేక మీ శాఖల మధ్య చీలిపోతారా అని ఆయన అడిగారట. జవాబు చెప్పలేక సిగ్గుతో తల దించుకున్నానని అజరయ్య తానే చెప్పుకున్నట్టు ఆయన జీవితకథల్లో ఉంది. జ్ఞానం, పదవి, కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేటు అన్నీ ఉన్న మనిషి, ఒక దళిత నాయకుడి ముందు ఓడిపోయానని పదిమందికీ చెప్పుకోవడం చిన్న విషయం కాదు.

సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడి సమావేశం నుంచీ ఆయన పనిచేస్తూనే ఉన్నారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆర్కాటు మిషన్ నాటిన మా వైపు సంఘాలు, డోర్నకల్ సంఘాలు ఆ రోజు ఒకే సంఘంలోకి వచ్చాయి.