తల్లి చేతిలోని మొక్క

ఈ నెల గ్రాంట్ వుడ్ అను అమెరికా చిత్రకారుని జీవితమును మేము మీకు తెలియజేయగోరుచున్నాము.

ఇతడు 1891 ఫిబ్రవరి 13వ తేదీన అయోవా రాష్ట్రములో అనమోసా పట్టణమునకు సమీపమున ఒక రైతు ఇంట జన్మించెను. 1901లో, అతడు 10 ఏండ్ల బాలుడై యుండగా, తండ్రి చనిపోయెను. తల్లియైన హాటీ పొలము అమ్మివేసి, నలుగురు బిడ్డలతో సీడార్ రాపిడ్స్ పట్టణము చేరెను. వుడ్ చిన్ననాటనే పొరుగువారి పనులు చేసి తల్లికి తోడ్పడెను. పెద్దవాడై బడిలో చిత్రలేఖనము నేర్పుచు ఆమెను పోషించెను. 1924 నుండి ఒక బండ్లశాలపైనున్న మేడగదియే వారికి నివాసమును, అతనికి పనిశాలయు నాయెను.

1920 మొదలు 1928 వరకు అతడు నాలుగుసార్లు ఐరోపాకు వెళ్లి, అక్కడి చిత్రకారులవలె చిత్రించుటకు చాలకాలము ప్రయాసపడెను. 1928లో రంగుటద్దముల కిటికీ పనికై మ్యూనిక్ నగరములో నుండగా, పూర్వకాలపు చిత్రకారుల పటములను చూచెను. వారు తామెరిగిన మనుష్యులను, తమ కాలపు బట్టలతో, ప్రతి ముడుతను విడువక చిత్రించియుండిరి. అప్పుడతనికి తన ఇంటనే యున్న తల్లి విలువ తెలిసెను.

మరుసటి యేట, అనగా 1929లో, అతడు ఆమె పటమును చిత్రించెను. దానికి మొక్కలతో స్త్రీ యని పేరు. 70 ఏండ్లు దాటిన ఆ తల్లి సాదా దుస్తులపై పనిగుడ్డ కట్టుకొని కూర్చుండును. వెనుక కోసి నిలిపిన మొక్కజొన్న కట్టలును, గాలిమరయు కనబడును. కత్తులవంటి ఆకులుగల మొక్క కుండీని ఆమె రెండు చేతులతో పట్టుకొనియుండును. నీరు చాలకపోయినను చావని మొక్క అది. మైదానములకు మొదట వలసవచ్చి, బీడు దున్ని, చలికి ఓర్చి బిడ్డలను పెంచిన స్త్రీల ఓర్పు ఆ మొక్కలో కనబడుచున్నది. అయితే ఆ నేలపై వారికి ముందే ఆదిమ జాతులవారు నివసించిరనియు, వలస వచ్చినవారివలన దానిని పోగొట్టుకొనిరనియు మనము మరువరాదు.

తల్లి ముఖమునందలి ముడుతలను, పనిచేసి అరిగిన వ్రేళ్లను కుమారుడు దాచలేదు. వాటిని దాచుట ఆమె ప్రయాసమునే దాచుట యగును గదా!

1930లో చెల్లెలిని నిలిపి చిత్రించిన అమెరికన్ గోతిక్ అను పటము అతనిని ప్రసిద్ధుని చేసెను. దానిలోని ఇంటి వసారాలో సహితము ఆ మొక్కయే యున్నది. తల్లి 1935లో చనిపోయెను. అతడు 1942 ఫిబ్రవరి 12న, 51 ఏండ్లు నిండుటకు ఒక్కదినము ముందుగా, మరణించెను. అనమోసాలోనే అతనిని పాతిపెట్టిరి.

ప్రియులారా, మన తల్లుల పటములు గీయువారు లేకపోవచ్చును. అయినను వారి చేతులు ఏమి చేసెనో, వారు బ్రదికియుండగానే అడిగి తెలిసికొని మన బిడ్డలకు చెప్పుదము.