నరేంద్రుడి చీకటి రోజులు

మన బడి హాల్లో వేదిక పక్కన, తలపాగా చుట్టి చేతులు కట్టుకుని నిలబడ్డ వివేకానందుడి పటం గుర్తులేని పూర్వ విద్యార్థి ఉండరు. ఏటా జనవరి 12న ఆ పటానికి దండ వేసేవాళ్లం. చికాగో సభ మీద వ్యాసరచన పోటీ పెట్టేవారు. మనలో చాలామందికి ఆయన జీవితం 1893 సెప్టెంబరు 11న మొదలై ఆ రోజుతోనే ముగిసిపోయింది. ఆ భంగిమలో ఫొటో తీసింది కూడా చికాగోలోనే, ఆ సంవత్సరమే. దానికి తొమ్మిదేళ్ల ముందు అదే మనిషి కాళ్లకు చెప్పులు లేకుండా కలకత్తా ఎండలో ఉద్యోగం కోసం ఆఫీసు మెట్లు ఎక్కి దిగాడని, దేవుడు లేడని తెలిసినవాళ్లతో వాదించాడని మనకు ఎవరూ చెప్పలేదు. యాభై ఏళ్ల పండుగ జరుపుకుంటున్న ఈ వేళ, పటంలో కనిపించని ఆ రోజుల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

1863లో కలకత్తాలోని సిమ్లా ప్రాంతంలో పుట్టిన నరేంద్రనాథ్ దత్తా కలిగిన ఇంటి బిడ్డ. తండ్రి విశ్వనాథ్ దత్తా హైకోర్టు అటార్నీ, పదిమందికి పెట్టే చేయి. తల్లి భువనేశ్వరీదేవి రామాయణ భారతాలు నోటికి వచ్చిన ఇల్లాలు. కుర్రవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ స్థాపించిన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చదివాడు. ఆ తర్వాత కొంతకాలం ప్రెసిడెన్సీ కాలేజీలోనూ, పిమ్మట జనరల్ అసెంబ్లీస్ ఇన్‌స్టిట్యూషన్‌లోనూ చేరాడు. పాట బాగా పాడేవాడు, వ్యాయామం చేసేవాడు, ఏదీ ఊరికే నమ్మేవాడు కాదు. హ్యూమ్, మిల్, స్పెన్సర్ వంటి పాశ్చాత్య తత్వవేత్తల పుస్తకాలు చదివాక చిన్ననాటి విశ్వాసం కదిలిపోయింది. బ్రహ్మసమాజంలో చేరి ప్రార్థనలకు వెళ్లాడు గానీ మనసు నిలవలేదు. దేవుణ్ణి చూశారా అని పెద్దల్ని నేరుగా అడిగేవాడు. మహర్షిగా పేరుపడ్డ దేవేంద్రనాథ్ ఠాకూర్‌నూ అడిగాడు. సూటిగా చూశానన్న జవాబు రాలేదు.

1881 నవంబరులో పరిచయమైన దక్షిణేశ్వరం పూజారి శ్రీరామకృష్ణులు మాత్రం తడుముకోకుండా చూశానన్నారు. అంతటితో నరేంద్రుడి సందేహాలు తీరిపోలేదు. ఆయనకు మతి చలించిందేమో అనుకున్నాడు. కాళీ విగ్రహానికి మొక్కడం ఏమిటని ఎగతాళి చేశాడు. ఆయనకు కలిగే దర్శనాలు మెదడు భ్రమలేమో అని మొహం మీదే అన్నాడు. శ్రీరామకృష్ణులు ఒక్కసారి కూడా అతని నోరు మూయించలేదు. డబ్బు నాణేన్ని మోగించి చూసినట్టు తనను పరీక్షించి చూసుకోమన్నారు. ఇంకెవరైనా వారం రోజులు రాకపోతే ఊరుకునే ఆ మనిషి నరేంద్రుడు రాకపోతే బెంగపెట్టుకునేవారు.

1884 ఫిబ్రవరిలో పిడుగు పడింది. ఒక రాత్రి స్నేహితుల దగ్గర పాటలు పాడుతూ కూర్చున్న నరేంద్రుడికి తండ్రి గుండె ఆగి చనిపోయిన కబురు వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు. లెక్కలు చూస్తే ఇంట్లో మిగిలింది అప్పులే. అప్పులవాళ్లు గుమ్మం ముందు నిలబడ్డారు. తండ్రి తిండి తిన్న బంధువులే ఇంటి వాటా కోసం కోర్టుకెక్కారు. తల్లి, తమ్ముళ్లు, చెల్లెళ్లు అతని చేతుల వైపు చూస్తున్నారు.

మైలబట్ట విప్పకముందే పని వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టాడు. చదువుంది, తెలివుంది, ఉద్యోగం లేదు. పొద్దున్నే లేచి గిన్నెల్లో బియ్యం ఎంత ఉందో చూసుకునేవాడు. అందరికీ సరిపోదనిపిస్తే, ఒక స్నేహితుడు భోజనానికి పిలిచాడని తల్లికి చెప్పి బయటపడేవాడు. ఆ పిలుపులు చాలావరకు ఉత్తవే. ఆ పూటకు మంచినీళ్లే. సంపన్నులైన మిత్రులు ఎప్పటిలాగే పాటల గోష్ఠికి పిలిస్తే వెళ్లి పాడి వచ్చేవాడు. ఇంటి సంగతి నోరు తెరిచి చెప్పుకోవడానికి అభిమానం అడ్డు వచ్చేది.

అంత కష్టంలోనూ కొన్నాళ్లు నిద్ర లేస్తూనే దేవుడి పేరు తలుచుకోవడం మానలేదు. ఒకరోజు పక్క గదిలోంచి తల్లి ఆ మాట వింది. చిన్నప్పటినుంచీ ఆ దేవుణ్ణే తలుస్తున్నావు, ఆయన చేసిందేమిటి అన్న అర్థంలో విసురుగా ఒక మాట అంది. అతనికి ఆ పేరు నేర్పింది ఆమే. అది గుండెలో గుచ్చుకుంది. పిలిస్తే పలికే దేవుడే ఉంటే ఇన్ని ఆకలి చావులు ఎందుకన్న ప్రశ్న అప్పటిదాకా పుస్తకాల్లోది, ఇప్పుడు ఇంట్లోది అయింది. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెప్పడం చిన్ననాటినుంచీ చేతకాదు. దేవుడు లేడని, ఉన్నా మొక్కి లాభం లేదని అందరితోనూ అనడం మొదలుపెట్టాడు.

ఊరు ఊరుకుంటుందా? నరేంద్రుడు నాస్తికుడయ్యాడని, తాగుతున్నాడని, చెడు సావాసాలు పట్టాడని పుకార్లు లేచాయి. అతను వాటిని ఖండించలేదు. దుఃఖం మరవడానికి ఎవరైనా తాగితే తప్పేమిటని మొండిగా ఎదురు వాదించాడు. తనను తెలిసినవాళ్లు కూడా నమ్మేస్తున్నారే అన్న కోపం ఆ మొండితనానికి కారణం. ఆ పుకార్లు దక్షిణేశ్వరం చేరాయి. తోటి శిష్యులు కొందరు సగం నమ్మారు. శ్రీరామకృష్ణులు మాత్రం ఆ మాట తెచ్చినవాళ్ల మీద మండిపడ్డారు, మళ్లీ ఆ మాట ఎత్తితే మీ మొహం చూడనన్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు నరేంద్రుడికి ఎంత ఊరట కలిగిందో ఊహించుకోవచ్చు. దేవుడి మీద నమ్మకం పోయిన రోజుల్లో తన మీద నమ్మకం పోగొట్టుకోని మనిషి ఒకరు ఉన్నారు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం, పగలంతా ఏమీ తినకుండా తిరిగి, వానలో తడిసి, అడుగు పడక ఒక ఇంటి అరుగు మీద పడిపోయాడు. స్పృహ ఉందో లేదో తెలియని ఆ స్థితిలో మనసు మీద తెరలు ఒక్కొక్కటే తొలగినట్టు, తనను వేధించిన ప్రశ్నలకు లోపలినుంచే సమాధానం దొరికినట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. తెల్లవారేసరికి ఒళ్లు తేలికపడింది. ఇంట్లో బియ్యం మాత్రం పెరగలేదు.

చివరికి ఇంటివాళ్ల కోసం మీ అమ్మవారికి చెప్పమని గురువును అడిగాడు. నువ్వే వెళ్లి అడగమన్నారు ఆయన. ఒక మంగళవారం రాత్రి, అంతకుముందు తాను ఎగతాళి చేసిన కాళీమాత గుడిలోకి నరేంద్రుడు వెళ్లాడు. లోపలికి వెళ్లినవాడు వివేకం, వైరాగ్యం, జ్ఞానం, భక్తి ఇమ్మని వేడుకున్నాడు. డబ్బు మాట మరిచిపోయాడు. గురువు మళ్లీ పంపారు, మళ్లీ అంతే. మూడోసారి గుర్తుంది గానీ, అంతటి తల్లిని ఇంత చిన్న కోరిక కోరడానికి సిగ్గుపడి వచ్చేశాడు. మీవాళ్లకు మామూలు తిండికీ బట్టకూ లోటుండదని గురువు చేత మాట తీసుకున్నాడు. అటార్నీ ఆఫీసులో కొంత పని, పుస్తకాల అనువాదం, కొన్నాళ్లు బడిలో ఉపాధ్యాయవృత్తి, ఇలా ఇల్లు ఒక రకంగా గడవసాగింది.

కథ ఇక్కడ ఆపితే చక్కగా ఉంటుంది. నిజం అలా ఆగలేదు. 1885లో శ్రీరామకృష్ణులకు గొంతులో వ్రణం కనిపించింది, అది క్యాన్సర్ అని తేలింది. కాశీపూర్ తోటలో రాత్రింబవళ్లు సేవ చేస్తున్న రోజుల్లోనే, 1886 ఏప్రిల్‌లో, నరేంద్రుడు ఇద్దరు మిత్రులతో ఎవరికీ చెప్పకుండా బుద్ధగయకు వెళ్లి బోధివృక్షం కింద కూర్చుని వచ్చాడు. గురువు ఆఖరి రోజుల్లో మంచం పక్కన నిలబడి కూడా, ఈయన నిజంగా అవతారమేనా అన్న ప్రశ్న మనసులో మెదిలింది. 1886 ఆగస్టు 16న గురువు వెళ్లిపోయారు.

మిగిలిన కుర్రాళ్లు వరాహనగరంలో పాడుపడ్డ ఒక ఇంట్లో చేరారు. బియ్యం దొరికిన రోజు ఉప్పు ఉండేది కాదు. కాకిదొండ ఆకులు ఉడకబెట్టుకుని అన్నంలో కలుపుకున్న రోజులు నెలల తరబడి గడిచాయి. బయటికి వెళ్లడానికి పనికొచ్చే బట్ట ఒకటే ఉంటే వంతులవారీగా కట్టుకునేవారు. అటు కలకత్తాలో కోర్టు కేసు నడుస్తోంది. పెద్ద కొడుకు సన్యాసం పుచ్చుకుని తల్లిని అప్పులవాళ్లకు వదిలేశాడన్న మాట ఎవరూ అనక్కర్లేదు, ఆయనే రోజూ అనుకునేవాడు.

1890 మొదట్లో గాజీపూర్‌లో పవహారీ బాబా అనే సాధువు దగ్గరకు వెళ్లాడు. అప్పటికి నడుం నొప్పితో బాధపడుతున్నాడు, మనసుకు శాంతి లేదు. శ్రీరామకృష్ణుల దగ్గర దొరకనిది ఈయన దగ్గర దొరుకుతుందేమో అని ఆశ పుట్టి, దీక్ష తీసుకోవడానికి సిద్ధపడ్డాడు. ఆ రాత్రి గురువు ఎదుట నిలబడి, ఏమీ మాట్లాడకుండా బాధగా చూస్తున్నట్టు కనిపించింది. వరుసగా ఎన్నో రాత్రులు ఇలాగే జరిగాక దీక్ష ఆలోచన మానుకున్నాడు. అదే సంవత్సరం హిమాలయాల దారిలో అల్మోరాలో ఉండగా, అత్తవారింట్లో బాధలు పడలేక చెల్లెలు ఆత్మహత్య చేసుకుందన్న తంతి అందింది. ఆ దుఃఖాన్ని మూటగట్టుకునే కొండలెక్కాడు.

దేశమంతా తిరిగి 1892 డిసెంబరులో కన్యాకుమారి చేరాక అమెరికా వెళ్లాలన్న సంకల్పం బలపడింది. అయినా ఊగిసలాట పోలేదు. మద్రాసు యువకులు ప్రయాణానికి వసూలు చేసిన సొమ్మును, ఇది నా అహంకారమో అమ్మవారి ఇచ్ఛో తెలియడం లేదని, పేదలకు పంచిపెట్టించాడు. మద్రాసులోనే ఒక రాత్రి తల్లి చనిపోయినట్టు కల వచ్చింది. తట్టుకోలేక, స్నేహితుల్ని వెంటబెట్టుకుని రైలెక్కి, జోస్యం చెప్పే ఒకాయన ఉన్న ఊరికి పోయాడు. వేదాంతం చెప్పే సన్యాసి అమ్మ క్షేమం కోసం జోస్యుడి ముందు కూర్చున్నాడు. ఆయనను తక్కువ చేసే సంగతిగా కొందరికి తోస్తుందేమో గానీ, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇది తెలిశాకనే.

ఆ తర్వాత 1893 ఫిబ్రవరిలో ఆయన మన హైదరాబాదు వచ్చారు. 13వ తేదీన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర ఉద్దేశం గురించి ప్రసంగించారు. వెయ్యిమందికి పైగా వచ్చారు. ఇంకా ఎవరికీ తెలియని ఆ సన్యాసి అంత పెద్ద సభలో మాట్లాడటం ఒక విద్యాలయం ఆవరణలో జరగడం మనలాంటి బడి పిల్లలం గుర్తుంచుకోదగ్గ విషయం. అదే ఏడాది మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు.

చికాగో చేరాక తెలిసింది, సభలు సెప్టెంబరులో గానీ జరగవని, పరిచయపత్రం లేనిదే ప్రతినిధిగా తీసుకోరని, పేర్ల నమోదు గడువు కూడా దాటిపోయిందని. చేతిలో డబ్బు కరిగిపోతోంది. హార్వర్డ్ ప్రొఫెసర్ రైట్ ఉత్తరం రాసిచ్చి ఆదుకున్నారు. తిరిగి చికాగోలో దిగితే చిరునామా కాగితం పోయింది. రైల్వే గూడ్స్ యార్డులో రాత్రి గడిపి, తెల్లవారి ఇంటింటికీ అడుగుతూ, అలిసి వీధి పక్కన కూర్చున్నారు. ఎదురింటి శ్రీమతి హేల్ వచ్చి లోపలికి తీసుకెళ్లారు. సభ రోజున కూడా వేదిక మీద గుండె దడదడలాడి, పిలిచినప్పుడల్లా తర్వాత అంటూ మధ్యాహ్నం దాకా వాయిదా వేశారు. మన వ్యాసాలన్నీ మొదలయ్యేది ఆ తర్వాతి క్షణం నుంచి.

కీర్తి వచ్చాకా తల్లి దిగులు వదలలేదు. ఖేత్రీ రాజా అజిత్‌సింగ్ నెలకు పంపే వంద రూపాయలు ఆమెకు ఆగిపోకుండా చూడమని ఉత్తరం రాసుకున్నారు. 1900లో అమెరికా నుంచి ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో, యుద్ధాలన్నీ అయిపోయాయని, తాను మళ్లీ దక్షిణేశ్వరం మర్రిచెట్టు కింద గురువు మాట వినే కుర్రవాడినేనన్న భావం రాశారు. 1901లో మధుమేహం, ఉబ్బసంతో ఒళ్లు సహకరించకపోయినా తల్లిని తూర్పు బెంగాల్, కామాఖ్య తీర్థయాత్రకు తీసుకెళ్లారు. 1902 జులై 4న బేలూరులో కన్ను మూశారు. అప్పటికి నలభై నిండలేదు. ఆ తల్లి మరో తొమ్మిదేళ్లు బతికింది.

ఆయన సందేహాలన్నీ ఒక్క రాత్రితో తీరిపోయాయని చెబితే పిల్లలకు ధైర్యం వస్తుందనుకుని కాబోలు, మనకు అలాగే చెప్పారు. తీరలేదని తెలిస్తేనే నాకు ధైర్యంగా ఉంది. నమ్మకం లేని రోజున ఉన్నట్టు నటించలేదు ఆయన. నమ్మకం లేదు కదా అని గిన్నెలో బియ్యం చూసుకోవడం, జబ్బుమనిషి పక్కన మేలుకోవడం, నడవాల్సిన దారి నడవడం మానలేదు. పోయిన నమ్మకం ఆ పనుల మధ్యలోనే తిరిగి వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఆ మధ్యకాలమంతా అతణ్ణి వదులుకోని మనిషి ఒకరు ఉన్నారు.

మన తరగతుల్లోనూ భోజనం గంట కొట్టగానే, తినేసి వచ్చానురా అని చెప్పి పంపు దగ్గరికి నడిచిన స్నేహితుడు ఒకడు ఉండే ఉంటాడు. ఊళ్లో చెడ్డపేరు మోసినవాడు, మనమూ నమ్మి దూరం జరిగినవాడు ఇంకొకడు ఉంటాడు. ఈ స్వర్ణోత్సవానికి అందరినీ వెతికి పిలుస్తున్నాం. రాని వాళ్ల జాబితాలో ముందు ఆ ఇద్దరి పేర్లు చూసుకుందాం.