మింగుడు పడని ముద్ద – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సంచికకు ఒక మహనీయుని జీవితం రాసిమ్మని మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా నాయనమ్మ నాలుక. నవ్వకండి, చెప్తాను.

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా చెరకు వదలని ఇల్లు మాది. నిరుడు కోతల నాడు నాయనమ్మ బువ్వ తినుడు మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకునేది, అటూ ఇటూ తిప్పేది, మింగలేక ఉమ్మేసేది. మొండితనమని మా వాళ్లు కసిరారు, నేనూ కసిరాను. ఆనక గొంతులో గడ్డేమోనని భయపడి నిజామాబాదు తీసుకొచ్చాం. డాక్టరుగారు ముందుగా నాలుక చాపమన్నారు. ఎర్రగా, గరుకన్నది లేకుండా నున్నగా ఉంది. రక్తపరీక్ష చేయించి ఫోలిక్ ఆసిడ్, బి12 రాశారు. కొన్ని వారాలకు ఆమె తానే మక్కగటక అడిగింది.

ఆ పసుపు మాత్ర వెనుక మనిషి సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాలో బలి తీసుకున్నది. తర్వాత అది ఆయనకూ పట్టింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

స్ప్రూలో పేగు తిండిలోని సారాన్ని పీల్చుకోదు. ఫోలిక్ ఆసిడ్, బి12 తగ్గిపోతాయి. నాలుక పైపొర కణాలు కొద్ది రోజులకోసారి రాలి కొత్తవి రావాలి. కొత్త కణానికి డి.ఎన్.ఎ. కావాలి, దానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. అందుకే లోపం నాలుక మీద త్వరగా బయటపడుతుంది.

మింగడమంటే గొంతు పనే అనుకునేవాణ్ణి. ముద్ద ఎంత నలిగింది, ఎంత తడిసింది, ఎంత వెనక్కి చేరింది అన్న కబురును నాలుక, అంగిలి, గొంతు మొదటి నరాలు మెదడు కాండానికి మోస్తాయి. ఆ కబురు సరిగా అందితేనే మింగుడు సాఫీగా సాగుతుంది. పన్ను పీకించుకుని మత్తు దిగకముందే నీళ్లు తాగిచూసిన వాళ్లకిది తెలుసు. ముద్దను వెనక్కి తోసేదాకా పని మన చేతిలోనిది. మండే నాలుక ఆ తోపునే ఆపేస్తుంది. నాయనమ్మది మొండితనం కాదు.

సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసరు కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. బోస్టన్ చేరి, రాత్రుళ్లు ఆస్పత్రిలో రోగుల మూత్రపాత్రలు కడుగుతూ చదివారు. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. బయోకెమిస్ట్రీ మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. మరుసటేడు క్యూబా, ప్యూర్టోరికోలలో డాక్టర్ టామ్ స్పైస్ దాన్ని స్ప్రూ రోగులకిస్తే నోటి పూత తగ్గి అన్నం సయించింది. (బి12 లోపమున్నవారు ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడ్డా నరాలు దెబ్బతింటాయి. సొంత వైద్యం వద్దు.)

1948లో వెలుగుచూసిన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాలదే. అది టెట్రాసైక్లిన్ జాతి మందు. నేటికీ స్ప్రూకు వాడేది ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్‌లే. అన్నదమ్ములను తిన్న జబ్బుకు రెండు మందులూ ఆయన కొలువు నుంచే వచ్చాయన్నమాట! అదే ఏడు ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశం మళ్లీ చూడకుండా న్యూయార్కులో కన్నుమూశారు.

నాయనమ్మకు ఇదంతా చెప్పాను. ఆయనకు ఆఖరుకు బువ్వ పెట్టేటోళ్లు ఎవరన్న ఉండిరా అని అడిగింది.