చెరసాల యాత్రికుడు - జాన్ బన్యన్

పదిహేడవ శతాబ్ది ఇంగ్లాండులో దైవభక్తి కేవలం వ్యక్తిగత విషయం కాదు. ఏ ప్రార్థన ఏ గ్రంథం ప్రకారం జరపాలో, ఎవరు బోధించాలో, ఎంతమంది ఒకచోట చేరి వినవచ్చునో రాజశాసనమే నిర్ణయించేది. అటువంటి కాలంలో చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేసుకుని జీవించే ఒక సామాన్యుడు, ఇకపై బోధించనని ఒక్క మాట ఇవ్వలేక పన్నెండు సంవత్సరాలు కారాగారంలో గడిపాడు. ఆయనే జాన్ బన్యన్. ప్రపంచంలో రెండు వందలకు పైగా భాషలలోనికి అనువాదమై, తెలుగులో ‘యాత్రికుని ప్రయాణము’గా పరిచితమైన గ్రంథాన్ని రచించిన మహనీయుడు.

బన్యన్ 1628లో బెడ్‌ఫర్డ్ పట్టణానికి సమీపంలోని ఎల్‌స్టో గ్రామ పరిధిలో జన్మించాడు. తండ్రి థామస్ కంచరి పని చేసేవాడు. ఊరూరా తిరిగి గిన్నెలు, కాగులు బాగుచేయడం ఆ కుటుంబానికి జీవనాధారం. కుమారుడికి అక్షరజ్ఞానం కలిగించడానికి తల్లిదండ్రులు శ్రద్ధ వహించారు గాని, పెద్ద చదువులు చెప్పించే స్తోమత వారికి లేదు. లాటిన్, గ్రీకు భాషలు రానివానిని పండితుడిగా లెక్కించని ఆ రోజులలో, మాతృభాష తప్ప మరొకటి నేర్వని ఈ బాలుడు ఆంగ్ల గద్యానికి ఒక కొత్త నడకను కల్పిస్తాడని ఎవరూ ఊహించి ఉండరు. దేశంలో రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం సాగుతున్న 1644లో, ఒక నెల తేడాతో తల్లిని, సోదరిని కోల్పోయాడు. తండ్రి వెంటనే పునర్వివాహం చేసుకున్నాడు. పదహారేళ్ల బన్యన్ అదే ఏడాది పార్లమెంటు పక్షాన సైన్యంలో చేరాడు. ఒకసారి ఆయన ఒక ముట్టడికి వెళ్లవలసి ఉండగా, తోటి సైనికుడొకడు ఆ స్థానంలో తాను వెళతానని కోరి వెళ్లి, కాపలా కాస్తూ తలకు తుపాకీ గుండు తగిలి మరణించాడు. ఆ మరణాన్ని బన్యన్ జీవితాంతం మరువలేదు.

సైన్యం నుండి తిరిగివచ్చి కులవృత్తిని చేపట్టాడు. సుమారు 27 కిలోల బరువున్న ఇనుప దాగలిని వీపున మోసుకుంటూ పల్లెలు తిరిగేవాడు. వివాహమయ్యే నాటికి ఆ దంపతులకు ఒక పళ్లెమైనా, చెంచా అయినా లేవట. భార్య తన వెంట తెచ్చిన సంపద రెండే రెండు భక్తి గ్రంథాలు. ఆ ఇల్లాలి పేరును చరిత్ర పదిలపరచలేదు. కాని ఆమె తెచ్చిన పుస్తకాలే భర్త జీవితాన్ని మలుపు తిప్పాయి. 1650లో వారికి తొలి సంతానంగా మేరీ కలిగింది. ఆ పాప పుట్టు గుడ్డిది.

ఆ పుస్తకాల పఠనం బన్యన్‌కు వెంటనే శాంతిని ప్రసాదించలేదు. పైపెచ్చు ఘోరమైన అంతర్మథనానికి లోనుచేసింది. ఆదివారం నాడు ఆటలాడుతూ ఉండగా తన పాపాలను గుర్తుచేసే స్వరమేదో వినిపించినట్లయి నిశ్చేష్టుడయ్యాడు. చర్చి గంటలు మోగించడం ఆయనకు మహా ఇష్టం. అది వ్యర్థ వినోదమని తోచి మానుకున్నా, చూడాలన్న కోరిక మానలేదు. గంట తెగి తలపై పడుతుందేమోనని దూలం కింద నిలబడి చూసేవాడు. ఆ తర్వాత గోపురమే కూలుతుందేమోనని భయపడి అక్కడి నుండి పారిపోయేవాడు. నేటి పాఠకులకు ఇది నవ్వు పుట్టించవచ్చు. అనుభవించేవానికి మాత్రం అది నరకయాతన. క్రీస్తును తాను మనసులోనే అమ్మివేసుకున్నానన్న భావన ఒకటి ఆయనను నెలల తరబడి పీడించింది. ఇక క్షమాపణ లేదని కుంగిపోయి, ఆత్మ విచారణ లేని కుక్కలను, కప్పలను చూసి అసూయపడ్డాడు.

ఈ చీకటిలో ఆయనకు తోవ చూపినవారు పండితులు కారు. బెడ్‌ఫర్డ్ వీధిలో ఒక వాకిట ఎండపొడన కూర్చుని తమ అంతరంగంలో దేవుడు చేసిన మేలును ముచ్చటించుకుంటున్న ముగ్గురు నలుగురు పేద స్త్రీలు. వారి మాటలలోని ఆనందం ఆయనను ఆశ్చర్యపరిచింది. వారి ద్వారా జాన్ గిఫర్డ్ అనే బోధకుని పరిచయం లభించింది. ఈ గిఫర్డ్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన పోరాడినవాడు. అనగా ఒకనాటి శత్రుసేనలోనివాడు. మార్టిన్ లూథర్ రచించిన గలతీ పత్రిక వ్యాఖ్యానం, ముట్టుకుంటే చిరిగిపోయేంత పాత ప్రతి, అదే కాలంలో చేతికి చిక్కింది. తన నీతి తన మనోభావాల హెచ్చుతగ్గులపై ఆధారపడినది కాదనీ, అది క్రీస్తునందు భద్రంగా ఉన్నదనీ పొలంగట్టున నడుస్తూ ఉండగా ఒకనాడు ఆయనకు స్ఫురించింది. కాళ్ల సంకెళ్లు ఊడిపడిన అనుభూతి కలిగింది. బన్యన్‌ను నిజమైన సంకెళ్లు చుట్టుకున్నది ఆ తర్వాత కొన్నేళ్లకు.

బెడ్‌ఫర్డ్ సంఘంలో చేరిన బన్యన్ క్రమంగా బోధకుడయ్యాడు. పాత్రలు బాగుచేసేవాని ప్రసంగం వినడానికి జనం గుంపులుగా వచ్చేవారు. 1658లో భార్య మరణించగా నలుగురు బిడ్డలు మిగిలారు. మరుసటి ఏడాది ఎలిజబెత్ అనే యువతిని వివాహమాడాడు. 1660లో రెండవ చార్లెస్ సింహాసనం అధిష్ఠించడంతో పరిస్థితులు తారుమారయ్యాయి. అధికార చర్చికి వెలుపల జరిగే ఆరాధనలను అణచివేయడానికి 1593 నాటి పాత చట్టాన్ని మళ్లీ వెలికితీశారు. 1662లో వచ్చిన మరొక శాసనం ఫలితంగా సుమారు 2,000 మంది బోధకులు తమ పదవులను కోల్పోయారు. ఆ కఠిన కాలంలో తొలినాళ్లలోనే పట్టుబడినవారిలో బన్యన్ ఒకడు.

1660 నవంబరు 12న హార్లింగ్టన్ సమీపంలోని లోయర్ సామ్సెల్ అనే పల్లెలో ఒక ఇంటిలో ఆయన ప్రసంగించవలసి ఉంది. తన పేర వారంటు సిద్ధమయిందని ముందే తెలిసింది. ఇంటి యజమాని సమావేశం మానుకుందామని సూచించాడు. తప్పించుకోవడానికి గంటకు పైగా వ్యవధి ఉంది. బన్యన్ చేనులో పచార్లు చేస్తూ ఆలోచించాడు. ఇంతకాలం ధైర్యం బోధించినవాడే ముందుగా పారిపోతే, కొత్తగా విశ్వసించిన బలహీనుల గతి ఏమిటన్న ప్రశ్న ఆయనను నిలిపివేసింది. లోపలికి వెళ్లి ప్రార్థన ప్రారంభించాడు. అధికారులు వచ్చి బంధించారు.

1661 జనవరిలో విచారణ జరిగింది. కీలింగ్ అనే న్యాయాధికారి మూడు నెలల కారాగారం విధించాడు. అప్పటికీ లోబడకపోతే దేశబహిష్కారం. అనుమతి లేకుండా తిరిగివస్తే ఉరి. గడువు ముగియవచ్చేసరికి న్యాయస్థానపు ఉద్యోగి చెరసాలకు వచ్చి నచ్చజెప్పాడు. పొరుగువారితో విడివిడిగా మాట్లాడుకోవచ్చు, జనాన్ని సమావేశపరచకుంటే చాలునన్నాడు. బన్యన్ అంగీకరించలేదు. విడిచిపెడితే మళ్లీ బోధిస్తానన్న సంగతిని దాచనూ లేదు. ఆయన శిక్షలోని విశేషమంతా ఇక్కడే ఉంది. చెరసాల తాళపుచెవి ఒకటి అధికారి వద్ద ఉంటే, మరొకటి ఎల్లప్పుడూ ఖైదీ నాలుకపైనే ఉండేది. ఒక్కసారి ధైర్యంగా ఉండడం వేరు. పన్నెండేళ్లపాటు ప్రతి ఉదయం లేచి ఆ తాళపుచెవిని ఉపయోగించక ఉండడం వేరు.

ఆ నిశ్చయానికి మూల్యం చెల్లించినది ఆయన ఒక్కడే కాదు. భర్త నిర్బంధ వార్త వినే సమయానికి ఎలిజబెత్ గర్భవతి. ఆ దిగ్భ్రాంతికి నెలలు నిండకముందే నొప్పులు ప్రారంభమై, ఎనిమిది రోజులు బాధపడి ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. అటు తర్వాత సవతి బిడ్డలు నలుగురిని సాకుతూనే ఆమె లండన్ వెళ్లి ప్రభువుల సభ సభ్యునికి విజ్ఞాపన అందజేసింది. 1661 ఆగస్టులో న్యాయమూర్తులు బెడ్‌ఫర్డ్‌కు వచ్చినప్పుడు మూడుసార్లు వారి ఎదుట మొరపెట్టుకుంది. ట్విస్డెన్ కసురుకున్నాడు. సర్ మాథ్యూ హేల్ మాత్రం సానుభూతితో విని, రాజుకు విన్నవించుకోవలసిన మార్గాలు సూచించాడు. ఫలితం శూన్యం. న్యాయమూర్తుల నిండు సభలో, భర్త బోధించడం మానడని తడబడక చెప్పిన ఆ గ్రామీణ యువతి స్థైర్యం బన్యన్ స్థైర్యానికి ఏమాత్రం తీసిపోదు.

చెరలో ఉన్న బన్యన్ నాడాలకు లోహపు పొన్నులు తొడిగి వందల కొలదిగా అమ్మించి ఇంటికి ఆసరా అయ్యాడు. తొలి రోజులలో చెరసాల అధికారి దయతలచి అప్పుడప్పుడు బయటకు పంపేవాడు. అది పైవారికి తెలిసి ఆ వెసులుబాటు కూడా పోయింది. అంధురాలైన మేరీ తలపుకు వచ్చినప్పుడల్లా ఆయన గుండె నీరయ్యేది. ఆకలికి, చలికి, పరుల దెబ్బలకు ఆ పిల్ల గురి కావలసివస్తుందేమోనని పరితపించాడు. తన చేతులతో తన ఇంటినే బిడ్డల నెత్తిన కూలుస్తున్నానా అని వగచాడు. ఉరిశిక్ష తప్పదని నమ్మిన రోజులలో మరొక భయం వెంటాడింది. నిచ్చెన ఎక్కేటప్పుడు కాళ్లు వణికితే తన విశ్వాసానికే అపకీర్తి రాదా? చివరికి, దేవుడు ఆదరించినా ఆదరించకున్నా ఆయన మాటకే కట్టుబడతానని తీర్మానించుకున్నాడు. ఈ భయాలనన్నింటినీ 1666లో ప్రచురించిన ‘గ్రేస్ అబౌండింగ్’ అనే ఆత్మకథలో ఆయనే దాపరికం లేకుండా వ్రాసుకున్నాడు.

పన్నెండేళ్ల చెర అనగానే తెలుగువారికి భద్రాచల రామదాసు గుర్తుకు రావడం సహజం. కాలం కూడా దగ్గరిదే. బన్యన్ విడుదలైన 1672లోనే గోల్కొండలో తానీషా గద్దెనెక్కాడు. రామదాసు తన వేదనలో రాముణ్ణే నిలదీశాడు; బన్యన్ తన మనస్సునే నిలదీసుకున్నాడు. భక్తుల స్వభావాలు భిన్నమైనా ఇద్దరికీ చెరసాలే రచనాశాల కావడం విశేషం.

చెరసాలలో అంకురించినదని పండితులు భావించే ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ 1678లో వెలువడింది. నాశనపురం నుండి దివ్యనగరానికి బయలుదేరిన క్రైస్తవుడు అనే బాటసారి కథ ఇది. గుణాలను పాత్రలుగా మలచే పద్ధతి మన సాహిత్యానికి కొత్త కాదు. నంది మల్లయ, ఘంట సింగనల ‘ప్రబోధచంద్రోదయం’లో వివేకం, మోహం రాజులై పోరాడతాయి. బన్యన్ పాత్రలు మాత్రం సంతబాటలో ఎదురయ్యే మనుషుల్లా మాట్లాడతాయి. మాయా సంతలో విశ్వాసి అనే సహయాత్రికుడిని అన్యాయంగా విచారించి దహించే ఘట్టంలో కవి చూసిన న్యాయస్థానమే కనబడుతుంది. ఇక నిరాశా రాక్షసుని సందేహ దుర్గం ఉంది. యాత్రికులు బుధవారం మొదలు శనివారం వరకు చీకటికొట్టులో దెబ్బలు తింటారు. ప్రాణాలు తీసుకొమ్మని రాక్షసుడు పురికొల్పుతాడు. చివరకు క్రైస్తవునికి తన రొమ్మున వాగ్దానమనే తాళపుచెవి మొదటి నుండీ ఉన్నదని జ్ఞప్తికి వస్తుంది. ఎండపొడన కూర్చున్న పేద స్త్రీలను చూసిన యువకుడు, నిచ్చెనను తలచి వణికిన ఖైదీ కలిసి వ్రాసిన ఘట్టమది.

రాజు ప్రకటించిన మినహాయింపు వలన 1672లో విడుదలైన బన్యన్ అదే సంఘానికి కాపరిగా పనిచేశాడు. నడుమ మరొకసారి సుమారు ఆరు నెలలు ఖైదు అనుభవించాడు. 1688లో ఒక తండ్రీకొడుకుల వైరం తీర్చడానికి రెడింగ్ వరకు వెళ్లి, సంధి కుదిర్చి, వానలో తడుస్తూ గుర్రంపై లండన్ చేరాడు. జ్వరం సోకి ఆగస్టు 31న స్నేహితుని ఇంట కన్నుమూశాడు. బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. స్వతంత్ర సంఘాలకు ఆరాధనా స్వేచ్ఛనిచ్చిన శాసనం మరుసటి ఏడాది వచ్చింది.

ఆయన విడిచిన ఆస్తి విలువ 42 పౌండ్ల 19 షిల్లింగులు. మళ్లీ బంధిస్తే ఉన్నదంతా జప్తవుతుందేమోనని 1685లోనే సమస్తం ఎలిజబెత్ పేర దానపత్రం వ్రాసి, ఇంటిలో ఎవరికీ కనబడని చోట దాచాడు. ఎంత పదిలంగా దాచాడంటే అది భార్యకు కూడా దొరకలేదు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత, 1838లో, ఆ ఇంటిని కూల్చినప్పుడు బయటపడింది. ఇంగ్లాండు అంతటా బోధకుడిగా, గ్రంథకర్తగా పేరు పొందిన తర్వాత వ్రాసిన ఆ పత్రంలో బన్యన్ తన వృత్తిని కంచరి పని అనే పేర్కొన్నాడు.