తెల్లవారుజాము చదువు: పండిత రమాబాయి

మా పర్సుడీహ్‌లో అందరికంటే ముందు లేచేది అమ్మలే. టాటానగర్ స్టేషన్ నుంచి బండి కూత వినబడే వేళకే నీళ్ళు పట్టడం, షిఫ్టుకు వెళ్ళేవాళ్ళకు డబ్బా కట్టడం మొదలవుతుంది. మాలో ఒకరి అమ్మగారు ఆ హడావుడికి ముందే లేచి అరగంట బైబిలు చదువుకుంటారు. పగలు చదువుకోవచ్చు కదా అంటే, పగలు తన చేతిలో లేదని నవ్వేస్తారు. ఆ మాటకే మాకు పండిత రమాబాయి గుర్తొచ్చారు.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల అడవిలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. ఆడవాళ్ళకు సంస్కృతం కూడదనే రోజుల్లో ఆయన భార్య లక్ష్మీబాయికి నేర్పి, నలుగురి మాటలు పడలేక కాపురాన్నే అడవికి మార్చారు. కూతురికి చదువు చెప్పింది ఆ తల్లే. ఇంటి చాకిరీతో ఆమెకు పగలు తీరిక ఉండేది కాదు. అందుకని నిద్రమత్తులో ఉన్న పిల్లను చీకటితోనే బుజ్జగించి లేపి, పిట్టలు కూసే వేళ శ్లోకాలు వల్లె వేయించేవారు. పన్నెండేళ్ళకే రమకు పురాణ శ్లోకాలు పద్దెనిమిది వేలు కంఠస్థమయ్యాయంటే, అదంతా తల్లి నిద్ర మానుకుని మిగిల్చిన సమయమే.

తరువాత కుటుంబం పురాణం చెప్పుకుంటూ ఊరూరా తిరిగింది. కరువు వచ్చింది. తిరుపతిలో చివరి బియ్యపు గింజ కూడా అయిపోయాక, పరువు పోగొట్టుకోవడం కంటే చావే నయమని అందరూ అడవిలోకి వెళ్ళిపోయారు. పదకొండు రోజులు ఆకులు, నీళ్ళతో గడిపారు. మన తెలుగు కొండల్లో ఇలాంటిది జరిగిందని మాకు ఇంతకుముందు తెలియదు. 1874లో కొద్ది నెలల తేడాతో తండ్రి, తల్లి, అక్క పోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు వేల మైళ్ళు నడిచి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు.

బెంగాలీ న్యాయవాది విపిన్ బిహారీ దాస్‌ను పెళ్ళాడాక, సిల్చార్‌లో ఆయన పుస్తకాల మధ్య బెంగాలీ లూకా సువార్త ఆమె కంటబడింది. 1882లో ఆయన కలరాతో మరణించారు. చంటిబిడ్డ మనోరమతో ఆమె మిగిలారు. 1883లో వైద్యం చదవాలని ఇంగ్లండు వెళితే చెవుడు అడ్డొచ్చింది. అక్కడే క్రైస్తవ మతం స్వీకరించారు. ఇది ఇక్కడ చాలామందికి కోపం తెప్పించింది. అక్కడి చర్చి పెద్దలకూ ఆమె తలనొప్పే! వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఒప్పుకోకుండా, బైబిలు తానే చదివి తేల్చుకుంటానని పట్టుబట్టారు. మాకు అన్నిటికంటే నచ్చింది ఈ మొండితనమే.

1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. 1896 తరువాత పూనా దగ్గర కేడ్గావ్‌లో ముక్తి ఆశ్రమం పెరిగింది. కరువు ప్రాంతాల నుంచి ఆమె తెచ్చిన ఆడపిల్లలు, స్త్రీలు రెండు వేలకు దగ్గరయ్యారు. అంతమంది తిండి, బట్ట, జబ్బులు, చదువు చూసే మనిషికి తన చదువుకు సమయం ఎక్కడిది? అయినా సుమారు 1905లో మరో పని నెత్తిన వేసుకున్నారు. అప్పటి మరాఠీ బైబిలులోని బరువైన మాటలు పల్లె స్త్రీలకు అర్థమయ్యేవి కావు. అందుకని హీబ్రూ, గ్రీకు మూలాలతో కుస్తీ పట్టి, తేలిక మరాఠీలో తానే తిరగరాయడం మొదలుపెట్టారు. పద్దెనిమిది వేల సంస్కృత శ్లోకాలు నోటికొచ్చిన పండితురాలు బరువైన మాటలు కావాలని వదులుకోవడం చిన్న సంగతి కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, పుస్తకంలో తెలుగు కనబడితే తడబడే మాకు ఆ విలువ బాగా తెలుసు. ఆశ్రమం అచ్చుకూటంలో టైపులు కూర్చింది అక్కడి ఆడపిల్లలే.

1921లో మనోరమ చనిపోయారు. ఆశ్రమం పనికి కుడిభుజంలా ఉన్న ఒక్కగానొక్క కూతురు. రమాబాయికి అప్పటికే ఆరోగ్యం బాగాలేదు, చెవుడు ముదిరింది. ప్రూఫు కాగితాలు మాత్రం పక్కన పెట్టలేదు. అనువాదం పూర్తిచేసిన కొద్దికాలానికే, 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. పూర్తి బైబిలు 1924లో అచ్చయి ఆ పల్లె స్త్రీల చేతికి వచ్చింది.